సులువు ఎవరి కోసం?

వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ళ మధ్య పాతికేళ్ళుగా చేతులు మారుతున్న చిన్న పుస్తకం ఒకటుంది. స్టీవ్ క్రగ్ 2000లో రాసిన 'డోంట్ మేక్ మి థింక్'. సూత్రమంతా పేరులోనే ఉంది: నన్ను ఆలోచించేలా చెయ్యొద్దు. పేజీ తెరవగానే ఎక్కడ నొక్కాలో, ఏది ఎక్కడుందో చూసేవాడికి తట్టిపోవాలి. ఆగి బుర్ర గోక్కున్నాడంటే తప్పు వాడిది కాదు, పేజీది. అంతకు ముందే, 1988లో, డొనాల్డ్ నార్మన్ తలుపుల గురించి దాదాపు ఇదే మాట చెప్పాడు. తొయ్యాలో లాగాలో తెలియక మనిషి తలుపు ముందు నిలబడిపోతే, లోపం తలుపు చేసినవాడిదే. నాకు ఈ ఆలోచన ఇష్టం. వస్తువు ముందు మనిషిని చిన్నబుచ్చని ఆలోచన అది.

ఇప్పుడు ఈ సూత్రాన్ని ఒక ప్రత్యేకమైన చోటికి తీసుకెళ్దాం. బీఈడీయో డీఈడీయో చదువుతూ, రేపో మాపో టీచర్ కాబోతున్న ఒకమ్మాయి ఫోన్లో ఒక సైటు తెరిచింది. అందులో పాఠ్యపథకాలున్నాయి, వీడియోలున్నాయి, అనుభవం ఉన్న టీచర్లని ప్రశ్న అడిగే చోటుంది. చదువుల పరిభాషలో దీన్ని ప్రొఫెషనల్ లెర్నింగ్ నెట్‌వర్క్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే, తోటి పనివాళ్ళ దగ్గర పని నేర్చుకునే చోటు. ఆ అమ్మాయి నేర్చుకోబోయే పని ఏమిటి? ఎదుటివాళ్ళు ఆలోచించేలా చెయ్యడం. మరి ఆ పని నేర్పే చోటు ఆమెకి ఆలోచించే అవసరం లేకుండా చెయ్యాలా? డిజైనర్‌కి ఇదొక చిన్న చిక్కుముడి. నాకు మాత్రం నీతికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. ఎందుకంటే ఈ సైటు వాడేది ఒకరు, దాని ఫలితం అనుభవించేది ఇంకొకరు. ఆ ఇంకొకరికి ఎనిమిదేళ్ళు. ఆ పాప ఆ సైటుని ఎప్పటికీ తెరవదు.

యూజబిలిటీ అనే మాటకి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1998లో ఒక నిర్వచనం ఇచ్చింది, 2018లో సవరించింది. సారాంశం ఇదీ: ఫలానా మనుషులు, ఫలానా పరిస్థితుల్లో, ఫలానా లక్ష్యాన్ని ఎంత కచ్చితంగా, ఎంత తక్కువ శ్రమతో, ఎంత తృప్తిగా చేరుకోగలుగుతున్నారు అన్నదే యూజబిలిటీ. మనం మామూలుగా శ్రమ దగ్గరా తృప్తి దగ్గరా ఆగిపోతాం. కానీ బరువంతా 'లక్ష్యం' అన్న మాట మీద ఉంది. రైలు టికెట్ కొనేవాడి లక్ష్యం గురించి వాదన ఉండదు. టికెట్ చేతికొస్తే పని అయిపోయినట్టే. మరి మూడో తరగతికి తీసివేతలు చెప్పబోతున్న ట్రైనీ టీచర్ లక్ష్యం ఏమిటి? రేపు కాలేజీలో చూపించాల్సిన రికార్డు పూర్తి చెయ్యడమా, ఎల్లుండి పిల్లలకి తీసివేత అర్థమయ్యేలా చెప్పడమా? మొదటిదైతే, మూడు క్లిక్కుల్లో తయారుగా దొరికే పాఠ్యపథకాన్ని మించిన సౌకర్యం లేదు. రెండోదైతే, అదే పథకం అడ్డు కూడా కావచ్చు. సైటు అదే, మనిషీ అదే. లక్ష్యం మారగానే సులువు అన్న మాటకి అర్థం మారిపోయింది.

ఇక్కడ జారిపోవడానికి ఒక పాత గుంట ఉంది. "కష్టపడితేనే చదువొస్తుంది, మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా" అనే గుంట. అందులో పడకూడదు. కష్టాలన్నీ ఒక జాతివి కావు. తెలుగు విషయమే తీసుకోండి. యూనికోడ్ తొలి వెర్షన్ 1991లో వచ్చినప్పుడే తెలుగు లిపికి అందులో చోటు దొరికింది. అయినా మన దగ్గర టీచర్ల మెటీరియల్ చాలా ఏళ్ళపాటు అను ఫాంట్లలో టైపయ్యి, పేజ్‌మేకర్‌లో పేజీలై, పీడీఎఫ్‌లుగా మారి తిరిగింది. ఆ పీడీఎఫ్‌లో కంటికి తెలుగు కనిపిస్తుంది, యంత్రానికి మాత్రం అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. 'తీసివేత' అని వెతికితే దొరకదు. ఒక వాక్యం కాపీ చేసి ఇంకోచోట పెడితే పిచ్చి గీతలొస్తాయి. ఇంకొన్ని అయితే కాగితాన్ని ఫోటో తీసి పెట్టినవి. పక్కూరి టీచర్ పదేళ్ళ కిందట చక్కగా రాసుకున్న పాఠం నెట్‌లోనే ఉంటుంది, కావాల్సినవాళ్ళకి మాత్రం కనపడదు. ఇందులో ఎవరూ ఏమీ నేర్చుకునే కష్టం లేదు. ఇది ఉత్త అడ్డం.

చూపులేని బీఈడీ విద్యార్థికి ఇదే అడ్డం పూర్తిగా మూసిన తలుపవుతుంది. స్క్రీన్ రీడర్ అక్షరాలని చదవగలదు, అక్షరాల బొమ్మని మామూలుగా చదవలేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. సైట్లు అందరికీ అందేలా ఎలా ఉండాలో చెప్పే తొలి అంతర్జాతీయ మార్గదర్శకాలు 1999లోనే వచ్చాయి. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒక జీవోని, ఒక సిలబస్‌ని వంకరగా స్కాన్ చేసి ఎక్కించామంటే, దాన్ని డిజైన్ లోపం అని సర్దుకోలేం. ఫలానా మనిషి ఈ వృత్తిలోకి రాడులే అని మనం ముందే అనుకున్నామని దాని అర్థం. సిగ్నల్ సరిగా లేని ఊళ్ళో, ఇంట్లో అందరికీ కలిపి ఉన్న ఒక్క ఫోన్లో చదువుకునేవాళ్ళకి, ప్రతిసారీ ఓటీపీ అడిగి, మెనూ అంతా ఇంగ్లీషులో పెట్టి, వీడియో తప్ప వేరే దారి చూపించని సైటు కూడా ఇంతే. వీటిని గడప దగ్గరి కష్టాలు అందాం. ఇవి ఎంత తగ్గితే అంత న్యాయం. ఈ విషయంలో క్రగ్ చెప్పినదానికి నేను ఒక్క అక్షరం కూడా మార్చను.

రెండో రకం కష్టం గడప దాటాక మొదలవుతుంది. 52 లోంచి 27 తీసెయ్యమంటే ఒక పిల్లాడు 35 అని రాశాడనుకుందాం. ప్రైమరీ స్కూల్లో లెక్కలు చెప్పినవాళ్ళందరికీ ఈ 35 బాగా తెలుసు. తప్పు అని ఇంటూ కొట్టి, జవాబు 25 అని పక్కన రాసెయ్యడం అర నిమిషం పని. కానీ ఆ పిల్లాడు గుడ్డిగా రాయలేదు. ఒకట్ల వరసలో 2 లోంచి 7 పోదు కదా, పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలని విన్నాడు కదా, అందుకని 7 లోంచి 2 తీసి 5 వేశాడు. పదుల వరసలో 5 లోంచి 2 పోతే 3. వాడి లెక్కలో ఒక నియమం ఉంది. అది తప్పు నియమం, అంతే. 1978లో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల తీసివేతల్లో ఇలాంటి నిలకడైన తప్పుల్ని కంప్యూటర్ ప్రోగ్రాముల్లో దొర్లే 'బగ్'లతో పోల్చి వివరించారు. ఆ బగ్ ఎక్కడుందో టీచర్ కనిపెట్టాలి. అప్పుడే పుల్లల కట్ట ఒకటి విప్పి పది విడిపుల్లలు చెయ్యాలన్న ఆలోచనకి అర్థముంటుంది. లేదంటే కట్టలూ పుల్లలూ కూడా ఇంకో తంతు అవుతాయి.

'వీడు 35 ఎందుకు రాశాడబ్బా' అని టీచర్ ఆగే ఆ క్షణం ఉందే, దాన్ని ఎంత గొప్ప సైటైనా ఆమె బదులు గడపలేదు. ఆలోచన అనేది తోవ తెలియక తచ్చాడడంతోనే మొదలవుతుందని జాన్ డ్యూయీ 1910లో 'హౌ వి థింక్' పుస్తకంలో వాదించాడు. నేర్చుకునేటప్పుడు తేలిగ్గా అనిపించినవన్నీ తర్వాత గుర్తుండేవి కావనీ, కొన్ని ఇబ్బందులు నేర్చుకోవడానికి మేలు చేస్తాయనీ మనస్తత్వవేత్త రాబర్ట్ బ్యోర్క్ 1990ల నుంచి చెబుతున్నాడు. ఇది పాఠంలోని కష్టం. గడప దగ్గరి కష్టాన్ని తీసెయ్యకపోవడం అన్యాయమైతే, పాఠంలోని కష్టాన్ని తీసెయ్యడం ఇంకో రకం అన్యాయం. మొదటిది ట్రైనీకి జరుగుతుంది. రెండోది ఆ ట్రైనీ ద్వారా పిల్లలకి జరుగుతుంది.

చిక్కేమిటంటే, బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. రెంటిలోనూ మనిషి ఆగుతాడు, విసుక్కుంటాడు, పేజీ మూసేసి వెళ్ళిపోవాలనుకుంటాడు. ఎక్కడ ఆగారో లెక్కపెట్టే యంత్రానికి ఆ ఆగడం దేనికో తెలియదు. వీడియో చివరిదాకా నడిచిందో లేదో అది చెప్పగలదు. చూసిన మనిషి లోపల ఏం నడిచిందో చెప్పలేదు. 2017లో దీక్ష వచ్చింది, పాఠ్యపుస్తకాల పేజీల మీద క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. నిష్ఠ శిక్షణ 2019లో మొదలై మరుసటేడు కోవిడ్ వల్ల ఆన్‌లైన్‌లోకి మారింది. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలని ఆశించింది. వీటిని నేను తక్కువ చెయ్యడం లేదు. మారుమూల బడికి మంచి పాఠం చేరడం చిన్న సంగతి కాదు. కానీ గంటల్ని లెక్కపెట్టడం తేలిక కాబట్టి గంటలే లక్ష్యం అయిపోతాయి. అప్పుడు గంటలు సాఫీగా గడిచేలా చేసే సైటే మంచి సైటు అనిపించుకుంటుంది.

మా పిన్ని కూతురు బీఈడీ రెండో ఏడాది. ఒకరోజు దాని ముందు రికార్డు పుస్తకాలు, రంగు స్కెచ్చులు, స్కేలు, ఫోన్లో తెరిచి పెట్టిన ఎవరిదో పాఠ్యపథకం. కళ్ళు ఫోన్ మీద, చెయ్యి కాగితం మీద. పక్కన కూర్చుని అడిగాను, "ఇది ఏ క్లాసు పిల్లలకే?"

"ఏడో క్లాసు అక్కా."

"ఆ పిల్లల్ని చూశావా?"

"ఇంకా లేదు. ఇంటర్న్‌షిప్ వచ్చే నెల. అప్పటికి ఇవి రాసేసి ఉంచమన్నారు."

"మరి ఇక్కడ 'విద్యార్థుల ప్రతిస్పందన' అని కాలమ్ ఉంది కదా, అందులో ఏం రాస్తున్నావు?"

అది తలెత్తి నన్ను జాలిగా చూసింది. "అది కూడా దీంట్లోనే ఉంది కదక్కా."

ఇంకా కళ్ళబడని పిల్లలు, ఇంకా అడగని ప్రశ్నలకి, ఎవరో ఎప్పుడో రాసిన జవాబులు చెబుతున్నారు. నవ్వొచ్చే మాటే. కానీ దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే దాని ముందున్న లక్ష్యం ప్రకారం అది చేస్తున్నది పూర్తిగా తెలివైన పని. గడువు ఉంది, పేజీల లెక్క ఉంది, మార్కులు చక్కని రాతకీ రంగు శీర్షికలకీ వస్తాయి. పైగా ఈ కాపీ ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. సీనియర్ల రికార్డులు తెచ్చుకుని దించడం అంతకు ముందూ ఉన్నదే. అప్పట్లో హాస్టల్ గది నుంచి హాస్టల్ గదికి నడిచిన పుస్తకం ఇప్పుడు లింకై తిరుగుతోంది. సైటు చేసిందల్లా, ఎప్పటినుంచో వంకరగా ఉన్న లక్ష్యానికి దగ్గరి దారి వెయ్యడం.

అంటే తప్పు ఎవరిది అనే ప్రశ్న అంత తేలిగ్గా తెగదు. ఇంకో పక్క నుంచి కూడా చూడాలి. ఒకే టీచర్ అయిదు తరగతుల్ని ఒక గదిలో కూర్చోబెట్టి చెప్పే బడులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. పొద్దున్నే హాజరు యాప్‌లో ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం లెక్కలు పంపాలి, మధ్యలో సర్వేలొస్తాయి. అలాంటి చోట తయారుగా దొరికిన వర్క్‌షీట్ ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. 'మీరు ప్రతి పాఠాన్నీ సొంతంగా ఆలోచించుకోవాలి' అని ఆ టీచర్‌కి నీతులు చెప్పడం, నగరంలో కూర్చుని రాసే నాలాంటివాళ్ళకి తేలిక. వంటవాడు ప్రతిరోజూ కారం సొంతంగా దంచుకోనక్కర్లేదు. కొట్లో పొట్లం కొనుక్కోవచ్చు. అయితే ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూడ్డం మాత్రం పొట్లంలో రాదు. ఏది కొనుక్కోవచ్చో, ఏది కొనుక్కోలేమో తెలియడమే పనితనం. పదిహేనేళ్ళుగా చెబుతున్న టీచర్‌కి ఆ తేడా తెలుసు, కాబట్టి ఆమె తయారు పాఠాన్ని కత్తిరించుకుని వాడుకుంటుంది. ట్రైనీకి ఇంకా తెలియదు. ఒకే సైటు, ఒకే సులువు, అనుభవం ఉన్నామెకి సాయం, లేనామెకి నష్టం. 'వాడుకరి' అని ఒక్క మాటలో ఇద్దర్నీ కలిపేసినప్పుడు ఈ తేడా కనిపించకుండా పోతుంది.

ఇదంతా పాఠాల కొట్టు గురించి. నెట్‌వర్క్ అంటే కొట్టు కాదు కదా, మనుషులు కదా అనొచ్చు. నిజమే. టీచర్లు ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడం నెట్ రాకముందు నుంచీ ఉంది. చుట్టుపక్కల బడుల్ని ఒక గుంపుగా కలిపి స్కూల్ కాంప్లెక్స్‌లు పెట్టాలని కొఠారీ కమిషన్ 1960ల్లోనే సూచించింది. ఆ మీటింగులు మన దగ్గర ఇప్పటికీ జరుగుతున్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే నాకు బాగా నచ్చే ఉదాహరణ ఫ్రాన్స్‌లో ఉంది. సెలెస్టిన్ ఫ్రెనె అనే పల్లెటూరి టీచర్. 1896లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమైంది, గంటల తరబడి గొంతెత్తి పాఠం చెప్పలేడు. 1920ల్లో తరగతి గదికి చిన్న అచ్చు యంత్రం ఒకటి తెచ్చాడు. పిల్లలు తమ ఊళ్ళో చూసినవీ, తమ ఇంట్లో జరిగినవీ రాస్తారు. ఏది అచ్చు వెయ్యాలో అందరూ కలిసి తేల్చుకుంటారు. సీసం అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి అచ్చు వేస్తారు. ఆ కాగితాలు దేశం ఇంకో మూలన, బ్రిటనీలో ఉన్న ఇంకో టీచర్ బడికి పోస్టులో వెళ్ళేవి. అక్కడి పిల్లలవి ఇక్కడికి వచ్చేవి. క్రమంగా ఇలాంటి టీచర్లు ఇంకొందరు చేరారు, సహకార సంఘం పెట్టుకున్నారు, పత్రికలు నడుపుకున్నారు.

యూజబిలిటీ కొలతలతో చూస్తే ఫ్రెనె అచ్చు యంత్రం ఘోరమైన వస్తువు. ఒక వాక్యానికి ఎంతసేపు! కానీ ఆ ఆలస్యం ఎక్కడ పడిందో చూడండి. 'ఈ వాక్యం అచ్చు వెయ్యదగిందేనా, అవతలి ఊరి పిల్లాడికి అర్థమవుతుందా' అని పిల్లలు ఆలోచించే చోట పడింది. మామూలుగా బరువుండాల్సిన చోటే బరువుంది. ఇంకో సంగతి, ఆ టీచర్ల మధ్య తిరిగింది నిగనిగలాడే పాఠ్యపథకాలు కావు. పిల్లల సొంత రాతలు. అవతలి టీచర్ వాటిని చూసి తన పిల్లల గురించి ఆలోచించుకోవాల్సిందే, దించుకోవడానికి అందులో ఏమీ లేదు. నాకు ఇక్కడ ఒక కొలత దొరికినట్టు అనిపిస్తుంది. జవాబులు మాత్రమే తిరిగే చోటు కొట్టు అవుతుంది. పిల్లల పనీ, దాని గురించిన ప్రశ్నలూ తిరిగే చోటు బడి అవుతుంది.

మన టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏం తిరుగుతుందో తెలిసిందే. జీవోలు, బదిలీల షెడ్యూళ్ళు, డీఏ లెక్కలు. కాబోయే టీచర్ల గ్రూపుల్లో టెట్ బిట్లు, డీఎస్సీ తేదీలు. దీన్ని వెక్కిరించడం సరికాదు. ఉద్యోగం బతుకు కదా. టెట్‌లో 150 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, ఒకటి సరైనది. పరీక్ష అలా ఉన్నప్పుడు గ్రూపులోనూ అదే తిరుగుతుంది. 'మా పిల్లాడు 35 రాశాడు, ఎందుకంటారు?' అనే ప్రశ్నకి నాలుగు ఆప్షన్లు ఉండవు. దాన్ని గ్రూపులో పెట్టాలంటే 'నాకు తెలియడం లేదు' అని నలుగురి ముందు ఒప్పుకోవాలి. ఎంత బాగా తీర్చిదిద్దిన సైటైనా ఆ ఒప్పుకోలుని సులువు చెయ్యలేదు. కానీ కష్టతరం మాత్రం చెయ్యగలదు. లైకుల అంకెలు పక్కనే పెట్టి, 'ఈ వారం ఉత్తమ టీచర్' అని బ్యాడ్జీలిచ్చి, అందంగా అలంకరించిన తరగతి గదుల్ని పైన చూపిస్తే, 35 ఎవరు పెడతారు?

ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్ళ సంగతి వేరుగా ఆలోచించాలి. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో రాసిన పుస్తకంలో లైబీరియా దర్జీల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళ ప్రస్తావన ఉంది. వాళ్ళు మొదట గుండీలు కుట్టడం, అంచులు మడవడం లాంటి చివరి పనులతో మొదలుపెడతారు. బట్ట కత్తిరించడం ఆఖరున వస్తుంది. తప్పు చేసినా గుడ్డ పాడవని చోట మొదలై, మెల్లగా మధ్యలోకి వెళ్తారు. మన ఊళ్ళో టైలర్ కొట్లో కాజాలు కుట్టే కుర్రాడిదీ ఇదే దారి. వాడు రోజంతా మాట్లాడకుండా మేస్త్రీ చెయ్యి చూస్తూంటాడు. ఆ చూడ్డం కూడా పనే. ఆన్‌లైన్ కోర్సుల్లో మాత్రం ఈ మౌనానికి విలువ లేదు. 'ప్రతి వారం ఒక పోస్టు, రెండు కామెంట్లు తప్పనిసరి' అనే నియమం పెట్టగానే ఏమవుతుందో అందరికీ తెలుసు. 'చాలా బాగా చెప్పారు మేడమ్', 'మీ ఆలోచనతో ఏకీభవిస్తున్నాను సార్'. మౌనంగా చూసేవాడికి సున్నా, ఏమీ చూడకుండా చప్పట్లు కొట్టేవాడికి మార్కులు. అరుగు చివర కూర్చుని వినే హక్కు కొత్తవాళ్ళకి ఉండాలి. ఎప్పుడు నోరు విప్పాలో వాళ్ళే తేల్చుకోవాలి.

ఇప్పుడు మళ్ళీ ఆ పాప దగ్గరికి వద్దాం. టీచర్లు నిజంగా నేర్చుకోవాలంటే పిల్లల తప్పుల గురించి మాట్లాడుకోవాలి అంటున్నాను. అంటే టీచర్ల చదువుకి ముడిసరుకు పిల్లల పొరపాట్లే. ఆ పొరపాటు ఎవరి సొత్తు? వైద్యులు కూడా రోగుల కేసుల్ని చర్చించుకునే నేర్చుకుంటారు, కానీ ఆ గదికి తలుపులుంటాయి, రోగి పేరు దాచే మర్యాద ఉంటుంది. మన దగ్గర పిల్లాడి జవాబు పత్రం పేరుతో సహా ఫోటో అయ్యి, నవ్వే బొమ్మలతో గ్రూపుల్లో తిరగడం మామూలైపోయింది. అమాయకంగా రాసిన జవాబుకి లోకమంతా నవ్వుతుంది. వాడికి ఆ సంగతే తెలియదు. ఇంకో పక్క, చదవలేకపోతున్న పాపని కెమెరా ముందు నిలబెట్టి 'ముందు, తర్వాత' వీడియోలు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ పాపకి ఇరవై ఏళ్ళొచ్చాక, తను అక్షరాలు కూడబలుక్కుంటున్న వీడియో ఇంకా తిరుగుతూ ఉంటుంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, 18 ఏళ్ళలోపువాళ్ళ సమాచారానికి మామూలుగా తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. చట్టం సంగతి అటుంచినా, అనుమతి కాగితం మీద తల్లి వేలిముద్ర వేసినంత మాత్రాన, ఏం జరుగుతోందో ఆమెకి తెలిసినట్టు కాదు.

కాబట్టి టీచర్ల సైటులో ఒకచోట క్రగ్ సూత్రాన్ని తిరగెయ్యాలంటాను. వెతకడం, చదవడం, ప్రశ్న అడగడం, ఎంత సులువైతే అంత మంచిది. పిల్లల ఫోటో ఎక్కించడం మాత్రం కష్టంగానే ఉండాలి. ఫోటో పెట్టబోతే సైటు ఒక్క నిమిషం ఆపి అడగాలి: ఇందులో ముఖం కనిపిస్తోందా? పేరు కనిపిస్తోందా? ఈ లెక్కని టైపు చేస్తే సరిపోదా? నిజానికి 52, 27, 35 అనే మూడు అంకెలు చాలు. ఆ పిల్లాడి ముఖం లేకుండానే వాడి ఆలోచనంతా అందులో ఉంది. పిల్లల్ని కాపాడ్డానికీ, టీచర్లు నేర్చుకోవడానికీ మధ్య మనం ఊహించుకున్నంత పెద్ద తగువు లేదు. తగువల్లా పిల్లల్ని కాపాడ్డానికీ, టీచర్లు మెప్పు పొందడానికీ మధ్యనే.

ఇవన్నీ డిజైనర్ ఒక్కరే చెయ్యగలిగినవి కావని తెలుసు. కాలేజీ రికార్డు పేజీలు లెక్కపెడుతూ ఉన్నంతకాలం, పేజీలు నింపే సైటే గెలుస్తుంది. అయినా డిజైనర్ చేతిలో ఏమీ లేదనడం కూడా తప్పు. పాఠ్యపథకం పక్కన డౌన్‌లోడ్ బటన్ ఎలాగూ ఉంటుంది. దాని కింద ఒక ఖాళీ గడి పెట్టొచ్చు: 'ఈ పాఠంలో మీ పిల్లలు ఎక్కడ తప్పటడుగు వేస్తారనుకుంటున్నారు?' నింపకపోయినా డౌన్‌లోడ్ ఆగదు. అయిదు క్లాసులు చూసుకునే టీచర్ దాన్ని దాటి వెళ్ళిపోతుంది, ఆమె సమయం ఆమెది. కొత్తగా వచ్చినవాళ్ళలో కొందరైనా అక్కడ ఆగుతారు. అంతకు ముందు ఆ గడి నింపినవాళ్ళవి పేర్లు లేకుండా కింద కనిపిస్తాయి. ఒక్కోచోట ఒక 35 ఉంటుంది. ఇది పెద్ద విప్లవం కాదు. కష్టాన్ని గడప దగ్గర్నుంచి తీసి పాఠంలోకి జరపడం, అంతే.

మంచి సైటుని ఎలా గుర్తుపట్టాలి అని ఎవరైనా అడిగితే, ఎన్ని క్లిక్కుల్లో పని అయ్యిందని నేను లెక్కపెట్టను, ఎంతసేపు అందులో ఉన్నారనీ లెక్కపెట్టను. ఫోన్ పక్కన పెట్టేశాక ట్రైనీ టీచర్ క్లాసులోకి ఏ ప్రశ్నతో వెళ్ళిందో అడుగుతాను. ఆ ప్రశ్న సైటు ఇచ్చింది కాకపోవచ్చు. అక్కడ ఎవరో ముక్కూ మొహం తెలియని టీచర్, 'మా క్లాసులో ఇలా జరిగింది, నాకు అర్థం కాలేదు' అని రాసిన రెండు వాక్యాలు చదివి, తనకి తనే వేసుకున్నది కావచ్చు. ఎనిమిదేళ్ళ పాపకి ఆ సైటుతో ఉన్న చుట్టరికమంతా ఆ ఒక్క ప్రశ్నే. తను రాసిన 35 మీద ఇంటూ పడబోయే ముందు, టీచర్ ఒక్క క్షణం ఆగి, "ఇది ఎలా వచ్చిందమ్మా, చెప్పు" అంటుందా లేదా అన్నదే తనకి తేడా.